ఊరి చరిత్ర రాయాలంటే ఉప్పు నుంచి మొదలుపెట్టండి

మన జిల్లాల్లో ఊళ్ల మీద వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పేరు ఎలా వచ్చిందో ఒక కథ, ఏలిన రాజుల వరస, గుడి, జాతర, జనాభా, చూడదగ్గ ప్రదేశాలు. అంతా చదివాక కూడా ఆ ఊరివాళ్లు పొద్దున్న లేచి ఏ పనికి పోతారో తెలియదు. పేరు తీసేసి పక్క ఊరి పేరు పెట్టినా ఎవరూ పట్టుకోలేరు. ఈ వరస తిరగేసి, ఊరు దేన్ని అమ్ముకుని బతికిందో దాంతో మొదలుపెడితే చరిత్ర, సంస్కృతి, ఆదాయం మూడూ ఒకే తాడుకి వస్తాయి. ఆదివారాలు మాత్రమే తిరిగే మనిషికి ఇది ఆరు నుంచి ఎనిమిది వారాల పని. రెండు నోటుబుక్కులు, ఫోను, జిల్లా మ్యాపు ఉంటే చాలు.

నమూనాకి ఒక పరాయి ఊరు

క్రొయేషియాలో, ఏడ్రియాటిక్ సముద్రంలో పాగ్ అనే దీవి ఉంది. దాని మీద అదే పేరుతో ఒక చిన్న పట్టణం. మన శ్రీకాకుళం జిల్లా నౌపడలాగే ఉప్పు మడుల ఊరు. మనకి చుట్టరికం లేని ఊరు కాబట్టి అభిమానం కూడా అడ్డు రాదు. అందుకే ముందు దాని మీద చెయ్యి తిప్పుకోవడం మేలు.

పాత పద్ధతిలో పాగ్ గురించి రాస్తే ఇలా ఉంటుంది: 1244లో హంగరీ రాజు నాలుగో బేలా ఊరికి హక్కుల పత్రం ఇచ్చాడు, 1409 తర్వాత వెనిస్ పాలన, అది 1797 దాకా, తర్వాత ఆస్ట్రియా, మధ్యలో ఫ్రెంచివాళ్లు, మళ్లీ ఆస్ట్రియా, 1918 తర్వాత యుగోస్లావియా, 1991లో క్రొయేషియా స్వతంత్రం. ఒక్క తప్పూ లేదు, ఊరు మాత్రం కనబడలేదు.

ఇప్పుడు ఉప్పు పట్టుకుని వెళ్లండి. ఊరి పక్కన సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం, దాని కొసన లోతులేని నీరు, మంచి ఎండ. ఉప్పు పండించడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ ఉప్పు మీద పక్కనున్న పెద్ద పట్టణం జాదర్‌కి కన్ను. రెండు ఊళ్ల తగువు తరాల తరబడి నడిచింది. 1394లో జాదర్ వాళ్లు పాత పాగ్ మీద పడి కొల్లగొట్టారు. 1409లో నేపుల్స్ రాజు లాడిస్లావ్ ఈ తీరప్రాంతమైన డల్మేషియా మీద తన హక్కుల్ని లక్ష డకట్లకి, అంటే లక్ష బంగారు నాణేలకి, వెనిస్‌కి అమ్మేశాడు. ఉప్పు వ్యాపారాన్ని గుప్పెట్లో పెట్టుకున్న రాజ్యం వెనిస్, అది ఈ మడుల్ని ఊరికే వదులుతుందా? 1443 మే 18న కొత్త పాగ్‌కి పునాదిరాయి పడింది. షిబెనిక్ పెద్ద చర్చి కట్టిన యూరై దల్మతినాత్స్ పేరు ఈ ఊరి నక్షాతో ముడిపడి ఉంది. రెండు ప్రధాన వీధులు నిలువుగా అడ్డంగా కోసుకుంటాయి, మధ్యలో చౌకు, చౌకులో చర్చి. నీటికి అవతల ఒడ్డున వరసగా రాతి ఉప్పు గోదాములు. ఇప్పుడు ఉప్పు పనిముట్ల ప్రదర్శన ఉన్నది ఆ గోదాముల్లోనే.

లేసు, జున్ను కూడా ఇదే తాడుకి తగులుకుంటాయి. వెలెబిత్ కొండల మీంచి దిగే చలిగాలిని అక్కడ బూరా అంటారు. అది సముద్రపు నీటి తుంపరని ఎత్తి దీవి మీద చల్లుతుంది. కొండల వైపు తిరిగిన ఒడ్డున చెట్టన్నది నిలవదు, బోడిరాయే. గాలి చాటున మిగిలిన నేల మీద కూడా పొట్టి, వాసన మొక్కలే. ఉప్పు అంటిన ఆ మేత మేసే గొర్రెల పాలతో చేసే జున్నుకి 2019లో యూరోపియన్ యూనియన్ మూలస్థాన రక్షణ వచ్చింది. మన భౌగోళిక గుర్తింపు లాంటిదే. లేసు పని మామూలు కుట్టు సూదితో చేస్తారు. గట్టి దిండు మీద సాలెగూడులా దారాలు పరిచి, వాటి మీద గుండ్రాలు, త్రికోణాలు కట్టుకుంటూ పోతారు. 1906లో ఊళ్లో లేసు బడి పెట్టారు. 2009లో లెపోగ్లావా, హ్వార్ లేసులతో కలిపి దీన్ని యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 1968లో వంతెన పడి దీవి ఒడ్డుకి కలిసింది. 1991 నవంబరులో యుద్ధంలో మస్లెనిత్సా వంతెన కూలిపోయినప్పుడు డల్మేషియాకి పోయే బండ్లన్నీ ఈ దీవి మీంచే తిరిగాయి. ఇవాళ ఊరికి పెద్ద ఆదాయం వేసవి పర్యాటకం, అయినా ఉప్పు పని ఆగలేదు.

ఈ నమూనాలో రెండు గుంటలు కూడా ఉన్నాయి, వాటి నుంచే ఎక్కువ నేర్చుకోవచ్చు. మొదటిది అంకెల గుంట. పాగ్ అంటే పట్టణమా, దీవా? దీవి రెండు జిల్లాల కింద ఉంది: పాగ్ పట్టణం జాదర్ జిల్లాలో, అదే దీవి మీదున్న నొవాల్యా లికా-సెన్యు జిల్లాలో. దీవి లెక్కని పట్టణానికి అంటగడితే వ్యాసమంతా కూలుతుంది. రెండోది మౌనం. 1941 వేసవిలో హిట్లర్ పక్షాన ఉన్న క్రొయేషియా ఫాసిస్టుల (ఉస్తాషా) ప్రభుత్వం ఈ దీవి మీదే స్లానా దగ్గర నిర్బంధ శిబిరం నడిపింది. యూదుల్ని, సెర్బుల్ని అక్కడ చంపారు. జున్ను, లేసు, బీచ్ అని రాసుకుపోయే వ్యాసాల్లో ఆ వాక్యం ఉండదు. మీ ఊరికీ అలాంటి వాక్యం ఒకటి ఉంటుంది. శ్రీకాకుళం ఏజెన్సీని ఆనుకుని ఉన్న ఊరైతే 1967 నుంచి 70 దాకా గిరిజన పోరాటంలో ఏం జరిగిందో దాటేసి రాయకూడదు.

తాడు ఎంచుకోవడం

నౌపడకి ఉప్పు. పొందూరుకి ఖద్దరు. పలాసకి జీడిపప్పు. బుడితికి ఇత్తడి. నెల్లిమర్లకి జూట్ మిల్లు. బొబ్బిలికి పక్కనున్న గొల్లపల్లి వీణలు. బొబ్బిలి మీద రాసేవాళ్లంతా 1757 జనవరి యుద్ధంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. పనస మానుని తొలిచి ఒకే దుంగలోంచి వీణ తీసే చేతుల దగ్గర మొదలుపెడితే యుద్ధం కూడా తన చోటికి తను వస్తుంది, సంస్థానం వీణకి ఎందుకు ఆదరువైందో చెప్పాల్సి వస్తుంది కాబట్టి.

మీ ఊరికి ఇంత పేరున్న సరుకు లేకపోతే మూడు ప్రశ్నలు వేసుకోండి. సంతరోజున ఊళ్లోంచి బయటికి పోయే బండ్లలో ఏముంటుంది? ఊళ్లో ఏ పనివాళ్ల పేరుతో వీధి ఉంది? వాన రాకపోయినా, ఎక్కువ వచ్చినా ముందు ఎవరి పొయ్యి ఆరిపోతుంది? మూడింట్లో రెండు ఒకే సరుకుని చూపిస్తే అదే మీ తాడు. చూపించకపోతే ఆ ఊరు పనికి బయటికి పోయే ఊరు కావచ్చు. అప్పుడు వలసే తాడు. విశాఖ, హైదరాబాదు, చెన్నై బస్సుల లెక్కే దాని ఉప్పు గోదాము.

పని అర్థం చేసుకోకుండా మనుషుల దగ్గరికి వెళ్లకండి

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పని తెలియనివాడు అడిగే ప్రశ్నకి "ఏటుంది బావూ, కష్టమే" అన్న జవాబే వస్తుంది. అది చెప్పినవాళ్ల తప్పు కాదు.

ఉప్పు మడినే తీసుకోండి. వెయ్యి లీటర్ల సముద్రపు నీటిలో లవణాలన్నీ కలిపి సుమారు 35 కిలోలు. అందులో వంటకి పనికొచ్చే ఉప్పు 27 కిలోల దాకా. నీటి చిక్కదనాన్ని బోమే డిగ్రీల్లో కొలుస్తారు. సముద్రపు నీరు 3, 3.5 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. దాన్ని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మారుస్తూ ఎండబెడతారు. దారిలో ముందు జిప్సం అడుక్కి దిగుతుంది. 25 డిగ్రీలు దాటాక ఉప్పు గింజ కట్టడం మొదలు. అప్పటికి మొదటి నీటిలో పదో వంతే మిగులుతుంది. అందుకే ఉప్పు తేలే మడులు తక్కువ, నీరు చిక్కబడే మడులు ఎక్కువ. ఫొటో తీసేవాళ్లు తెల్లటి కుప్పలే తీస్తారు కానీ మడుల నేలలో ఎక్కువ భాగం ఆ మురికి నీటి మడులదే. 29, 30 డిగ్రీలకి రాగానే మిగిలిన నీటిని తీసెయ్యాలి. ఇంకా ఉంచితే మెగ్నీషియం లవణాలు దిగి ఉప్పు చేదెక్కుతుంది, గాలి తగిలితే చెమ్మగిలుతుంది.

వాన సంగతి చూడండి. లీటరు మంచినీరు సుమారు 360 గ్రాముల ఉప్పుని కరిగించగలదు. ఒక సెంటు మడి మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 400 లీటర్లు. అంటే 140 కిలోలకి పైగా ఉప్పుని మింగగల నీరు. ఇది తెలిసి వెళ్తే ప్రశ్న మారుతుంది: "తాతా, ఈ ఏడు వానలోపు ఎన్నిసార్లు ఉప్పు తీశారు? కుప్ప మీద తాటాకు కప్పేవారా, పరదానా? ఆ ఖర్చు ఎవరిది?" ఇలాంటి ప్రశ్నకి గంట సేపు జవాబు వస్తుంది. పొందూరు వెళ్తే కూడా అంతే. దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారని ముందే తెలిసి ఉంటే, ఆ దవడ ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్లు వస్తుంది అని అడగగలరు. తెలియకపోతే ఆ దవడ చేతిలో పెట్టి చూపించినా ఫొటో తీసుకుని వచ్చేస్తారు.

కాగితాలు ఏ జిల్లా కింద వెతకాలి

మన దగ్గర సరిహద్దులు చాలాసార్లు జరిగాయి. టెక్కలి, నౌపడ వైపు కాగితాలు 1936కి ముందువైతే గంజాం జిల్లా కింద ఉంటాయి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లా కింద. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి 1979 దాకా శ్రీకాకుళం జిల్లాలోవే, ఆ తర్వాత విజయనగరంలోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం విడిపోయింది. కాబట్టి 1971 జనాభా లెక్కల్లో బొబ్బిలిని విజయనగరం కింద వెతికితే దొరకదు. "జిల్లా జనాభా తగ్గింది" అని రాసే ముందు జిల్లా తగ్గిందేమో చూసుకోండి.

పాత ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళం పేరు చికాకోల్. ఆమదాలవలస స్టేషను చికాకోల్ రోడ్. ఈ పేర్లతో వెతక్కపోతే సగం సమాచారం కంటబడదు. 1882 గంజాం జిల్లా మాన్యువల్, 1907 విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవొచ్చు. 2011 జిల్లా జనగణన పుస్తకంలో ప్రతి ఊరికీ బడి, నీరు, రోడ్డు, సంత వివరాలుంటాయి. 1961 జనగణనతో పాటు జిల్లాల వారీగా జాతరల సంపుటాలు కూడా వచ్చాయి. ఇవాళ ఆగిపోయిన సంబరాలు వాటిలో తగులుతాయి. ఉప్పుకి ఒక ప్రత్యేకత ఉంది. రాజ్యాంగంలో అది కేంద్ర జాబితాలోని అంశం. అందువల్ల కలెక్టరు కార్యాలయంలో దొరకని సంగతి కేంద్ర ఉప్పు శాఖ దగ్గర ఉండవచ్చు. సంస్థానాల కింద ఉన్న ఊళ్లకి భూమి రికార్డులు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఒక దారికి వచ్చాయి, అంతకుముందువి పల్చగా ఉంటాయి. రైలు కూడా కాగితమే అనుకోండి: నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది, 1931లో గుణుపూరు దాకా సాగింది. రెండున్నర అడుగుల గేజి. సంస్థానం రైలు వేసుకుని వచ్చి ఉప్పు ఊరి దగ్గర పెద్ద లైనుకి కలిసిందంటే ఆ కూడలి మీద ఒక పేరా రాయొచ్చు.

లెక్కలు మార్చేటప్పుడు జాగ్రత్త. మద్రాసు మణుగు 8 వీశెలు, 25 పౌన్లు, అంటే 11.34 కిలోలు. ప్రభుత్వ కాగితాల్లో ఉప్పుని కొలిచే మణుగు 82 పౌన్ల పైచిలుకు, అంటే 37.3 కిలోలు. రెండూ "మణుగు" అనే రాసి ఉంటాయి. ఒకదానికి ఇంకోటి పెడితే ఊరి దిగుబడి మూడింతలవుతుంది, లేదా మూడో వంతుకి పడిపోతుంది. పుట్టి, గరిసె, కుంచం ఊరూరికీ మారేవి. వాటిని ఉన్నది ఉన్నట్టు రాసి, ఎన్ని కిలోలో చెప్పినవాళ్ల మాటగా పక్కన రాయండి. శాసనాల్లో శక సంవత్సరానికి 78 కలపాలి. రెవెన్యూ కాగితాల ఫసలీకి 590 కలపాలి, ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ముఖలింగం శాసనాల దగ్గర అది శకమా, గాంగ రాజుల సొంత లెక్క అయిన గాంగ శకమా అన్నది చూసుకోకపోతే కొన్ని వందల ఏళ్లు తప్పుతాయి. ఉత్త "క్రోధి నామ సంవత్సరం" అని ఉంటే 1964 కావచ్చు, 2024 కావచ్చు, అరవై ఏళ్ల చొప్పున ఇంకా వెనక్కీ కావచ్చు.

పేరు వెనక కథలకి ఒక్క పేరా మించి ఇవ్వకండి. సిక్కాల సంచి విప్పమంటూ "సిక్కా ఖోల్" అన్నారని, అదే చికాకోల్ అయిందని శ్రీకాకుళంలో చెప్తారు. చక్కగా ఉంది, కథ అని చెప్పి రాయండి. జనం నోట ఇప్పటికీ ఉన్న "సిక్కోలు" దానికంటే విలువైన సాక్ష్యం.

మనుషులు

కనీసం పన్నెండు మంది. అందులో నలుగురికి తగ్గకుండా ఆడవాళ్లు. మడి యజమానితో మాట్లాడి వచ్చేస్తే ఉప్పు మోసిన మనిషి మాట వ్యాసంలో ఉండదు. ఒక్కొక్కరి దగ్గర ముప్పావు గంట చాలు. ఇంకా కావాలంటే ఇంకో రోజు వెళ్లండి. రికార్డు చేస్తున్నట్టు ముందే చెప్పండి, పేరు వెయ్యాలా వద్దా అడగండి. పనివేళ పోకండి. మడుల దగ్గర పొద్దుటి పూట పని గట్టిగా ఉంటుంది, సాయంత్రం అరుగు మీద దొరుకుతారు.

ఏ సంవత్సరమని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. తుపాన్లతో అడగండి. "మామ్మా, తిత్లీకి ముందే రోడ్డు పడిందా, తర్వాతా?" తిత్లీ 2018 అక్టోబరు 11, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, ఫైలిన్ సరిగ్గా దానికి ఏడాది ముందు. ఇంకా వెనక్కి పోవాలంటే రామారావు ముఖ్యమంత్రి అయిన 1983, విజయనగరం జిల్లా అయిన 1979, ఇందిరమ్మ ఎమర్జెన్సీ 1975, అణాలు పోయి నయాపైసలు వచ్చిన 1957 ఏప్రిల్. ఇద్దరు వేరువేరుగా ఒకే మాట చెప్తే రాయండి. ఒక్కరే చెప్తే "ఫలానా పనివాళ్లు చెప్పేది" అని రాయండి. చెప్పిన మాటని గ్రాంథికంలోకి దిద్దకండి. సిక్కోలు మాటని దిద్దితే మనిషి పోతాడు.

డబ్బు ఎవరి చేతికి ఎంత

సరుకు ధర ఒక్కటే రాస్తే ఆర్థికం రాసినట్టు కాదు. మడి దగ్గర నుంచి కొట్టు దాకా చేతులు మారిన ప్రతిచోటా నాలుగు అడగండి: బస్తా ఎన్ని కిలోలు, కొన్న ధర ఎంత, అమ్మిన ధర ఎంత, మధ్యలో కూలి, రవాణా, తరుగు ఎవరివి. బస్తా బరువు అడగడం మరిచిపోతే మిగతా మూడూ వృథా. అన్నిటినీ కిలోకి మార్చి, అడిగిన నెల పక్కన రాయండి. సీజను మొదట్లో ధర, వానల ముందు ధర ఒకటి కావు. అప్పు సంగతి విడిగా అడగాలి. అడ్వాన్సు తీసుకున్నవాడికి ధర తగ్గిస్తారు, ఆ తగ్గింపే వడ్డీ. దాన్ని వడ్డీ అని ఎవరూ పిలవరు.

ప్రధాన రోడ్డు మీద ఒక కిలోమీటరు నడిచి రెండు వైపులా బోర్డులన్నీ రాసుకోండి. మందుల షాపులెన్ని, ఫర్టిలైజరు కొట్లెన్ని, కోచింగు సెంటర్లెన్ని, బంగారం తాకట్టువి ఎన్ని. రెండు గంటల పని. ఆ కిలోమీటరు లెక్క చాలామంది రాసిన ఉపన్యాసాల కంటే ఎక్కువ చెప్తుంది. సంతరోజున ఒకసారి, మామూలు రోజున ఒకసారి చెయ్యండి.

జాతరకి చోటు

సంస్కృతి అనగానే పండగల జాబితా రాయడం మానండి. ఒక్క సంబరం తీసుకుని పనితో దాని ముడి ఎక్కడుందో చూడండి. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. మాను చింతచెట్టుది. ఆ చెట్టు ఎవరి పొలంలోది, ఎవరు కొట్టారు, ఎవరు చెక్కారు, ఆ వారం పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఏం కొనుక్కుని వెళ్లారు? కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి జాతరకైనా ఇవే ప్రశ్నలు. ఎవరి వంతు ఏదో చెప్పేటప్పుడు ఎవరికి వంతు లేదో కూడా బయటికి వస్తుంది. అది కూడా రాయాలి.

రాయడం

మొత్తం రెండు వేల మాటలు దాటనివ్వకండి. అందులో సగం పనికి, ఆ పని మార్చిన ఊరి రూపానికి. రాజులు ఐదో వంతు మించకూడదు. ప్రతి అంకె పక్కన ఏడాది, అది ఊరిదా మండలానిదా జిల్లాదా అన్నది ఉండాలి. తేలనిది తీసెయ్యండి. "ఎంతో ప్రాచీనమైన", "ప్రసిద్ధి చెందిన" అన్న మాటలు కనబడ్డచోటల్లా కొట్టేసి, దాని బదులు ఏడాదో కొలతో పెట్టగలరేమో చూడండి. పెట్టలేకపోతే వాక్యమే అక్కర్లేదు.

చిత్తు ప్రతి అయ్యాక అచ్చుకి ఇవ్వకముందు మాట్లాడినవాళ్లలో ముగ్గురికి పైకి చదివి వినిపించండి. ఒక పనివాడికి, ఒక వ్యాపారికి, ఊరి విషయాల్లో తగువు పడే అలవాటున్న ఒక పెద్దాయనకి. మూడోవారు పట్టే తప్పులే ఎక్కువ. దిద్దిన ప్రతి ఒకటి శాఖా గ్రంథాలయంలో, ఒకటి హైస్కూల్లో, రికార్డింగుల పెన్‌డ్రైవ్‌తో పాటు ఇవ్వండి. ఫైలు పేరులో ఊరు, మనిషి చేసే పని, తేదీ ఉండేలా చూడండి, లేకపోతే ఐదేళ్ల తర్వాత ఏ గొంతు ఎవరిదో మీకే తెలియదు.